ఆటస్థలమున అన్నలు, అక్కలు

తెలుగునాట పిల్లల ఆటలలో ఒక చిన్న ఏర్పాటు తరతరములుగా వచ్చుచున్నది. అక్క చేయి పట్టుకొనియో, అన్న వెంటబడియో ఆటకు వచ్చిన నాలుగేండ్ల పసివానిని పెద్దపిల్లలు వెళ్లగొట్టరు; అట్లని నిజముగా ఆటలోనికిని తీసికొనరు. ‘వీడు ఆటలో అరటిపండు’ అని ముందుగనే ఒప్పందము చేసికొందురు. వాడు అందరితోపాటు పరుగెత్తును, కేకలు వేయును, దాగికొనును. కాని పట్టుబడినను వాడు దొంగ కాడు. వాడు వచ్చి తాకినను ఎవరును ఓడిపోరు. ఆటలో ఉన్నానని వాని సంతోషము. లేడని తక్కినవారి లెక్క.

ఈ ఏర్పాటులో దయ ఉన్నది. పసివాడు ఏడ్వడు, ఆట చెడదు. కాని నాలుగవ యేట దయగా ఉన్నది తొమ్మిదవ యేట దయ కాజాలదు. పాఠశాలల ఆటస్థలములను పరికించినచో ఇట్టి అరటిపండ్లు ప్రతి తరగతిలోను కొందరు కనబడుదురు. బంతి ఎన్నడును రాని మూలలో నిలువబడు బాలుడు. జట్లు కోరుకొనునపుడు చిట్టచివర మిగిలిపోవు బాలిక. ఆటల గంట వచ్చినపుడెల్ల కడుపునొప్పి అని చెప్పి చెట్టు క్రింద కూర్చుండు మరియొకడు. వీరిని ఎవరును కొట్టుట లేదు, తిట్టుట లేదు. అందుచేతనే వీరి సంగతి ఎవరికిని పట్టదు. పదియేండ్లు నిండకమునుపే వీరు తమకు తామే ఒక తీర్పు చెప్పికొందురు: ‘ఆటలు నాకు రావు.’ లెక్కలు రావని చెప్పు పిల్లవానికి ఇంటివద్దనో, బడిలోనో ఎవరో ఒకరు మరల నేర్పజూతురు. బంతి పట్టుట రాదు, గెంతుట రాదు అను పిల్లవానికి మరల నేర్పువారెవరు?

ఆ పని పై తరగతుల విద్యార్థులు చేయగలరు. సరిగా చేసినచో అది చిన్నవారికెంత మేలో వారికిని అంత మేలు. అయితే పెద్దపిల్లవాని చేతికి ఒక ఈల ఇచ్చి, క్రింది తరగతిని వానికి అప్పగించినంత మాత్రమున జరుగు పని కాదది. ఈ పాఠమున విచారింపదలచినది ఆ భేదమునే.

పాతదారియే

విద్యార్థికి కలుగు విద్యలో నాలుగవ పాలు ఆచార్యుని వలనను, నాలుగవ పాలు స్వబుద్ధి వలనను, నాలుగవ పాలు సహాధ్యాయుల వలనను, మిగిలిన పాలు కాలక్రమమునను లభించునని సంస్కృతమున ప్రసిద్ధమైన సూక్తి యొకటి కలదు. మొదటి రెండు పాళ్లను గూర్చి విద్యావేత్తలు గ్రంథములు వ్రాసిరి. మూడవదానిని తరచుగా మరతురు. వేదపాఠశాలలలో ముందు చేరిన విద్యార్థి వెనుక చేరినవానిచేత వల్లె వేయించుట నేటికిని చూడవచ్చును. మన వీధిబడులలో ఇసుకమీద వ్రేలితో అక్షరములు దిద్దు పసివాని చేయి పట్టుకొన్నది పంతులుగారు మాత్రమే కాదు. ఒక యేడు ముందు ఓనమాలు దాటిన పిల్లవాడు కూడ.

1789లో మదరాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను క్రైస్తవ మతాచార్యుడు ఇట్టి బడియొకటి చూచెను. పిల్లలు ఇసుకలో వ్రాయుట ఆయనకు నచ్చినది. ఆశ్రమమునందలి ఉపాధ్యాయులు ఆ పద్ధతిని ఆదరింపకపోగా, ఆయన జాన్ ఫ్రిస్కిన్ అను ఎనిమిదేండ్ల బాలునికి అక్షరములు నేర్పు తరగతిని అప్పగించెను. బాలుడు నెగ్గెను. 1797లో బెల్ ఈ ప్రయోగమును గూర్చి ఇంగ్లండులో ఒక చిన్న పుస్తకము ప్రకటింపగా, ‘మదరాసు పద్ధతి’ అను పేరుతో అది ఆ దేశమున వ్యాపించెను. చెన్నపట్టణపు అరుగుమీది అలవాటొకటి సముద్రము దాటి పెద్ద పేరు తెచ్చుకొన్నది.

ఆ చరిత్రలోనే ఒక హెచ్చరికయు ఉన్నది. ఒక ఉపాధ్యాయుని జీతముతో వందలకొలది పిల్లలకు చదువు చెప్పవచ్చునను ఆశయే ఇంగ్లండులో ఆ పద్ధతికి ప్రాబల్యము కలిగించెను. పెద్దపిల్లవాడు తాను వల్లించినదే ఇతరులచేత వల్లింపజేసెను. అంతకు మించి వానికెవరును నేర్పలేదు. 1846లో అక్కడ యువకులకు క్రమమైన శిక్షణ నిచ్చి ఉపాధ్యాయులనుగా తయారుచేయు ఏర్పాటు మొదలైన పిమ్మట, ఈ చౌకపద్ధతి వెనుకబడెను. నేడును ఏ పాఠశాలయైన వ్యాయామోపాధ్యాయుడు లేని కొరతను పెద్దపిల్లలతో పూడ్చజూచినచో అదే ఫలితము కలుగును. పొదుపుకొరకు పిల్లలను వాడుకొనుట వేరు, వారి ఎదుగుదలకొరకు వారికి బాధ్యత నిచ్చుట వేరు.

శరీరవిద్యయందు ఈ దారి మరింత సహజమైనది. తాలింఖానాలో ఉస్తాదు ఒక్కడే. మట్టిలో క్రొత్తవాని ఎదుట నిలిచి పట్టు చూపువాడు వానికంటె రెండేండ్లు ముందు గోచి బిగించినవాడు. 1811లో ఫ్రీడ్రిష్ యాన్ బెర్లిన్ నగరపు వెలుపల తెరపియైన చోట వ్యాయామస్థలము నెలకొల్పినపుడు ఏర్పడిన సంప్రదాయమున, ప్రతి చిన్న జట్టుకును ముందు తాను చేసి చూపు ఒక అగ్రగామి ఉండెడివాడు. 1907లో బ్రౌన్‌సీ దీవిలో తొలి స్కౌటు శిబిరము నడిపిన బేడెన్ పవెల్ కూడ పిల్లలను చిన్న దళములుగా విభజించి, ఒక్కొక్క దళమును వారిలోనే పెద్దవాని కప్పగించెను.

కలకత్తా నగరమున నవగోపాల మిత్ర నెలకొల్పిన వ్యాయామశాల కథ ఈ సందర్భమున తలచుకొనదగినది. తరువాతి కాలమున స్వామి వివేకానందుడైన నరేంద్రుడు బాల్యమున తన స్నేహితులతో అచ్చటికి పోవుచుండెడివాడు. మిత్రగారు శాల నిర్వహణమును చాలవరకు ఆ పిల్లలకే విడిచిరి. ఒకనాడు వారు బరువైన ట్రపీజు చట్టమును నిలువబెట్ట ప్రయత్నించుచుండిరి. చూచువారు గుమిగూడిరి గాని చేయి సాచినవారు లేరు. గుంపులో నున్న ఆంగ్లనావికు నొకనిని నరేంద్రుడు సాయమడిగెను. అతడు వచ్చి పట్టెను. చట్టము జారి పడి నావికుడు దెబ్బతిని స్పృహ తప్పెను. చచ్చినాడని భయపడి చాలమంది పరుగెత్తిరి. నరేంద్రుడును ఒకరిద్దరు మిత్రులును మాత్రము నిలిచిరి. నరేంద్రుడు తన బట్ట చింపి గాయమునకు కట్టు కట్టెను, ముఖమున నీళ్లు చల్లెను. తరువాత అతనిని సమీపపు పాఠశాలకు చేర్చి, వైద్యుని పిలిపించి, కోలుకొనువరకు సేవచేసి, కొంత సొమ్ము ప్రోగుచేసి ఇచ్చి పంపిరి.

ఈ కథను ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుదురు. కాని దీనిలో మరియొక పాఠమున్నది. అంత బరువైన చట్టము ఎత్తునపుడు అనుభవమున్న పెద్దవాడొకడు దగ్గర నుండవలసినది. బాధ్యత పిల్లల కిచ్చుట యనగా పెద్దలు ఇంటికి పోవుట కాదు. అట్లే, పిల్లలలో అగ్రగామి ఎవడన్న ప్రశ్నకు జవాబు చట్టము ఎత్తునపుడు గాక, అది పడిన తరువాత దొరికినది.

దగ్గరి మెట్టు

పెద్దవాడైన ఉపాధ్యాయునికి లేని అనుకూలత పన్నెండేండ్ల బాలికకు ఏమున్నది? శరీరము నేర్చిన విద్యను మనస్సు మరచిపోవును. ఈత వచ్చినవానిని ఎట్లు తేలుచున్నావని అడిగినచో చెప్పలేడు. ముప్పది యేండ్ల క్రిందట బంతి పట్టుట నేర్చిన మాస్టారికి అది ఎచ్చట చిక్కుపడినదో, ఎట్లు చిక్కు వీడినదో జ్ఞాపకముండదు. బాలికకు జ్ఞాపకమున్నది. బంతి ముఖముమీదికి వచ్చుచున్నపుడు కండ్లు వాటంతటవే మూసికొనిపోవుట ఆమెకు మొన్నటి మాట. అందుచేత ఆమె చెప్పు మాట చిన్నది, సూటియైనది.

చూచువాని పక్షమునుండి కూడ ఆలోచింపవలెను. ఏడేండ్ల పిల్లవానికి మాస్టారు ఎగిరిన ఎత్తు కేవలము వింత; అది తనకు సంబంధించినది కాదు. అయిదవ తరగతి అన్న ఎగిరిన ఎత్తు మాత్రము కొద్దికాలములో తాను ఎగురబోవు ఎత్తు. బాలుడు తనంతట చేయలేనిది, తనకంటె నేర్చినవారి తోడున్నచో చేయగల మేర యొకటి కలదనియు, నిజమైన చదువు ఆ మేరలోనే జరుగుననియు రష్యాదేశపు మనస్తత్త్వవేత్త విగోత్స్కీ 1930 ప్రాంతమున చెప్పెను. ఆ తోడు ఉపాధ్యాయుడే కానక్కరలేదు, నేర్పరియైన సహచరుడును కావచ్చునని ఆయన స్పష్టముగా పేర్కొనెను.

ఎవరిని ఎన్నుకొనవలెను? ఇచ్చటనే పాఠశాలలు తరచుగా తప్పు చేయును. పరుగుపందెమున ప్రథముడైనవానిని పిలిచి ‘నీవు నేర్పుము’ అందురు. కష్టపడక వచ్చినవానికి కష్టము కనబడదు. ‘ఇంత సులభమైనది నీకేల రాదు?’ అని వాడు నిజముగానే ఆశ్చర్యపడును, ఆ ఆశ్చర్యము పసివానికి తిట్టుకంటె గట్టిగా తగులును. తడబడి, తప్పులు చేసి, దిద్దుకొని నేర్చినవాని ప్రదర్శనము వెనుకాడు పిల్లలకు ఎక్కువ ధైర్యము నిచ్చునని మనస్తత్త్వశాస్త్రజ్ఞుల పరిశీలనములును తెలుపుచున్నవి. గొలుసులు తెంచి, రొమ్ముమీద ఏనుగును నిలుపుకొన్న కోడి రామమూర్తి వంటి వస్తాదు ప్రతి పాఠశాలకును దొరకడు. ఈ పనికి దొరకనక్కరయు లేదు. మొన్నటి అరటిపండు చాలును.

బంతి, గెంతు, తాడు

నేర్పువారు పిలిచి పని మొదలిడకముందు వారికి నేర్పవలెను. ఒక్కొక్క పెద్దపిల్లకు నలుగురైదుగురు చిన్నవారిని మించి ఇవ్వరాదు. ఒకనాటికి ఒక నేర్పు; ఒక నేర్పునకు ఒక్క మాట. చేసి చూపుము, ఒక్క మాట చెప్పుము, చేయనిమ్ము, తిరిగి చూపుము. పెద్దపిల్లలకు కష్టమైనది ఇందులో మూడవది. చేయనిచ్చుటకు ఓర్పు కావలెను.

బంతి విసరుటను తీసికొందము. కుడిచేతితో విసరు చిన్నపిల్లవాడు తరచుగా కుడికాలినే ముందు వేయును. అందుచే నడుము తిరుగదు, బలమంతయు మోచేతినుండియే రావలసివచ్చును, బంతి నాలుగడుగుల దూరమున పడును. ‘నడుము త్రిప్పు, భుజము వెనుకకు తీయి, మోచేయి ఎత్తు’ అని ఏకరువు పెట్టినచో వాడు కొయ్యబారును. నేలమీద సుద్దతో ఒక పాదము గీసి ‘ఎడమకాలు ఇక్కడ’ అన్నచో చాలును. ఆ ఒక్క అడుగుతో నడుము తనంతట తిరుగును. మరియొక సంగతి: మొదటి దినములలో గురి పెట్టింపరాదు. గురి చూడుమన్న పిల్లవాడు బిగుసుకొని మెల్లగా విసరును. గోడ చూపి ‘ఎంత గట్టిగా కొట్టగలవో కొట్టు’ అన్నచో శరీరమంతయు విసరుటలో పాల్గొనును. గురి తరువాత వచ్చును.

పట్టుట విసరుటకంటె కష్టము, దానిలో భయమున్నది గనుక. రబ్బరుబంతి ఒకసారి ముక్కుకు తగిలిన పిల్లవాడు చాలకాలము ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుచునే చేతులు సాచును. వానిని పిరికివాడనుట అన్యాయము. కండ్లు కాపాడుకొనుట శరీరధర్మము. చింపిగుడ్డలు చుట్టి దారముతో కట్టిన గుడ్డబంతి ఇట్టి సందర్భమున వెల లేని పరికరము. తగిలినను నొప్పి లేదు. మొదట రెండడుగుల దూరమునుండి, క్రిందినుండి మెల్లగా, రొమ్ముకు సూటిగా వేయవలెను. చేతులు ఎదురు పోయి బంతితోపాటు వెనుకకు రావలెనని మాటలతో చెప్పుటకంటె, గ్రుడ్డు పట్టుకొన్నట్లు పట్టుమన్నచో పిల్లలకు వెంటనే తెలియును. ఒక ఆటస్థలమున ఈ క్రింది మాటలవంటివి వినబడినచో పని సరిగా సాగుచున్నదని తలపవచ్చును.

‘నాకు రాదక్కా.’

‘నాకూ వచ్చేది కాదు తమ్ముడూ. రెండో తరగతిలో బంతి నా ముక్కుకు తగిలింది. ఇదిగో, ఇది గుడ్డబంతి. నువ్వే నా ముక్కుమీద వేసి చూడు.’

పిల్లవాడు వేయును, అక్క నవ్వును, భయము సగము పోవును. ఏ శిక్షణగ్రంథమును చదువకయే ఆమె చేసిన పని ఇది.

గెంతుటలో నేర్పవలసినది ఎగురుట కాదు, దిగుట. ఎగురుట పిల్లలకు వచ్చును. మోకాళ్లు బిగించి దబ్బున పడుటచేతనే చీలమండలకు దెబ్బలు తగులును. ‘చప్పుడు లేకుండ దిగుము’ అను ఒక్క మాటతో మోకాళ్లు వాటంతటవే వంగును. అన్న కండ్లు మూసికొని వీపు త్రిప్పి నిలుచుండుట, తమ్ములు ఒకరొకరుగా అరుగుమెట్టునుండి దుముకుట, ఎవరు దుమికినదియు అతనికి వినబడకపోవుట: ఇది ఆటయు అగును, పరీక్షయు అగును.

తాడాటలో తొందర పనికిరాదు. తిరుగుచున్న తాడులోనికి దుముకుమన్నచో అలవాటు లేని పిల్ల కొయ్యబొమ్మవలె నిలిచిపోవును. ఇద్దరు అక్కలు తాడును మొదట నేలమీదనే ఉంచి దాటింపవలెను. పిమ్మట పాము ప్రాకినట్లు కదల్పవలెను. పిమ్మట ఊయలవలె ఇటునటు ఊపవలెను. ఆ లయ కాళ్లకు పట్టిన తరువాతనే తల మీదుగా త్రిప్పవలెను. లయను నోటితో లెక్కపెట్టుట మంచిది. ఇచ్చట అసలు నేర్పు గెంతువారిది కాదు, త్రిప్పువారిది. చిన్నదాని అడుగునకు అనుగుణముగా తాడు త్రిప్పువారు తమ వేగమును తగ్గించుకొనవలెను. తాడు తగిలినపుడు ‘అవుట్’ అని అరచుట వారి నోట ఇన్నేండ్లుగా అలవడిన మాట. దానిని మ్రింగుకొనుటయే వారికి మొదటి పాఠము.

భీముని బాల్యక్రీడ

బలము పెద్దపిల్లవానియందే ఉన్నది. నియమించు అధికారమును వానికే ఇచ్చినచో రెండు బలములు ఒకచోట చేరును. దీని ఫలితము మహాభారతము ఆదిపర్వమునందే ఉన్నది. హస్తినాపురమున పాండవులును ధార్తరాష్ట్రులును కలిసి ఆడుకొనునపుడు భీముడు పరుగున, పట్టున, బరువు లెత్తుటలో అందరిని మించెడివాడు. పదిమందిని ఒక్కసారి చేతులతో పట్టి నీట ముంచి, ఊపిరి తిరుగకుండ చేసి విడిచెడివాడు. వారు పండ్లకొరకు చెట్టెక్కినచో చెట్టును కాలితో తన్ని, పండ్లతోపాటు వారిని నేల రాల్చెడివాడు. బాలచాపలమే గాని ద్రోహబుద్ధి కాదని వ్యాసుడు భీముని పక్షమున చెప్పుచున్నాడు. కాని నీట మునిగినవానికి ఆ భేదము తెలియదు. దుర్యోధనుని ద్వేషము ఆ ఆటలలోనే పెరిగెను, విషాన్నమువరకు పోయెను. దుర్యోధనుని దోషమును ఇది తగ్గింపదు. అయినను ఆ బాలుర ఆటను పరికించి ‘భీమా, నీ బలము వీరికి నేర్పుము, వీరిమీద చూపకుము’ అని చెప్పిన పెద్ద ఒక్కడును ఆ ఘట్టమున కనబడడు.

నేటి ఆటస్థలములలో భీముని చేష్టలు చిన్నవిగా ఉండును. తప్పు చేసినవానిని గుంజిళ్లు తీయించుట, మైదానము చుట్టు పరుగెత్తించుట, అందరి ఎదుట అడ్డపేరు పెట్టి పిలుచుట. వ్యాయామమునే శిక్షగా చేసినచో పిల్లవానికి వ్యాయామముమీద ప్రేమ ఎట్లు కలుగును? కాబట్టి పెద్దపిల్లలకు నేర్పు అధికారమే ఉండవలెను; శిక్షించు అధికారము ఎన్నడును ఉండరాదు. ఈల కూడ ఉపాధ్యాయుని యొద్దనే ఉండుట మేలు. ఈల చేతికి వచ్చిన పదమూడేండ్ల బాలుడు దానిని ఊదక మానడు.

ఈ సంయమమునకు మన ఆడపిల్లల ఆటయొకటి చక్కని బడి. ఒప్పులకుప్పలో ఇద్దరు పాదములు దగ్గరగా చేర్చి, చేతులు పెనవేసి, వెనుకకు వాలి గిర్రున తిరుగుదురు. ఈడుజోడైనవారు తిరుగునపుడు ఇద్దరి బరువును సమానము. చిన్నదానితో తిరుగు అక్క తన బరువంతయు వెనుకకు వేసినచో చిన్నది విసరివేయబడును. అందుచే ఆమె తాను తక్కువ వాలును, చేతివ్రేళ్లుగాక మణికట్టు పట్టుకొనును, ఆపునపుడు చటుక్కున వదలక వేగము తగ్గించి, చెల్లెలి తల తిరుగుట ఆగువరకు పట్టుకొనియే ఉండును. ఎవరును చెప్పకయే ఊరూర అక్కలు దీనిని నేర్చిరి. చెడుగుడు నేర్పు అన్నలు కూడ ఇదే పద్ధతిని ఎరుగవలెను: మోకాళ్లపై కూర్చుండి పట్టు పట్టవలెను, కాలు మెలిపెట్టరాదు, పసివాడు గీత దాటి పోవునట్లు అప్పుడప్పుడు విడువవలెను. కాని విడిచినట్లు వానికి తెలియరాదు.

బాలికల మాట వచ్చినది గనుక ఒక లెక్క చెప్పవలసియున్నది. 5 మొదలు 17 ఏండ్ల వయస్సువారు సగటున దినమునకు 60 నిమిషములైనను చెమట పట్టునట్టి శరీరశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. 2016 నాటికి 146 దేశములనుండి సేకరించిన వివరములను బట్టి, 11 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 81 మంది ఆ మేరకు చేయుట లేదు. బాలురలో నూటికి 78, బాలికలలో 85. తొక్కుడుబిళ్ల ఆడిన కాళ్లు ఏడవ తరగతికి వచ్చుసరికి అరుగుమీద ముడుచుకొని కూర్చుండుట మన ఊళ్లలోను చూచుచున్నదే. చెల్లెండ్రకు నేర్పవలసిన బాధ్యత మీదపడిన బాలిక ఆ అరుగు దిగక తప్పదు. ఆమె ఆడుట మానలేదని చెల్లెండ్రును చూతురు. ఒక ఏర్పాటుచే రెండు వయస్సుల బాలికలు మైదానమున నిలుతురు.

ఉపాధ్యాయుని స్థానము

పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కు నిచ్చు 2009 నాటి చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలము, ఆటవస్తువులు ఉండవలెనని చెప్పుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము విద్యార్థులు తోటివారికి నేర్పుటను ప్రోత్సహించుచు, అది స్వచ్ఛందముగను, ఆనందముగను, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పర్యవేక్షణమునను, భద్రతయందు జాగ్రత్తతోను జరుగవలెనని పేర్కొన్నది. ఈ షరతులలో దేనిని విడిచినను తక్కినవి నిలువవు. ఇష్టము లేని పెద్దపిల్లచేత నేర్పించినచో ఆమె విసుగు చిన్నవారికి అంటుకొనును.

ఉపాధ్యాయుడు మైదానమునందే, అందరికి కనబడుచోటనే ఉండవలెను. ఎవరికి ఉబ్బసమున్నదో, ఎవరు జ్వరము పడి లేచిరో ఆయనకు తెలిసియుండవలెను. పెద్దపిల్లలకు ఒక్క ఆజ్ఞ స్పష్టముగా ఇచ్చియుండవలెను: ఎవరైన కూలబడినను, ఊపిరి అందుట లేదనినను, తల తిరుగుచున్నదనినను, తాము వైద్యము చేయక వెంటనే పిలువవలెను. ఎండ ముదరకముందే ఆట ముగియవలెను; నీళ్లు దగ్గర నుండవలెను. ఇవి చెప్పుటకు చిన్నవి గనుక ఇంతటితో చాలును.

అంతకంటె ఎక్కువ శ్రద్ధ కోరునది వారమునకొకసారి జరుగవలసిన సమావేశము. ఆట ముగిసిన పిమ్మట పెద్దపిల్లలు పదునైదు నిమిషములు అరుగుమీద కూర్చుందురు. ‘ఎవరికి ఎంత వచ్చినది?’ అని ఉపాధ్యాయుడు మొదటనే అడుగరాదు. అడిగినచో వారు తమ జట్టులోని మెరుపువంటి పిల్లలను గూర్చియే చెప్పుదురు. ‘నీ జట్టులో ఈ వారము ఒక్కమాటయు మాటాడనివారెవరు? ఎవరి పేరు నీకింకను తెలియదు? ఎవరిమీద నీకు కోపము వచ్చినది?’ అని అడుగవలెను. మొదటి వారమున జవాబులు రావు. మూడవ నాలుగవ వారమునకు ఎవరో ఒక బాలుడు నేలచూపులు చూచుచు, తాను ఒక పిల్లవానిని ‘మొద్దు’ అన్నట్లు చెప్పును. అప్పుడు ఉపదేశము చేయరాదు. రేపు వానితో ఎట్లు మొదలుపెట్టెదవని అడిగి, చెప్పినది విని ఊరకుండవలెను. నేర్పుటవలన నేర్పువానికి కలుగు విద్య ఈ అరుగుమీదనే కలుగుచున్నది. శ్రేష్ఠుడు నడచిన త్రోవనే లోకము నడచునను గీతలోని మూడవ అధ్యాయపు భావమును వాడు ఇంకను చదివియుండడు. కాని తన మాటను, తన అడుగును ఒక ఏడేండ్లవాడు అనుకరించుచున్నాడని తెలిసినపుడు కలుగు సంకోచమును వాడు ఎరుగును.

ఈ పనికి మార్కు లీయరాదు, బహుమతు లుంచరాదు. జట్లమధ్య పోటీ పెట్టినచో అన్నలు మరల గెలుచువారిని ముందునకు త్రోసి, మిగిలినవారిని మూలకు పంపుదురు. ఎక్కడ మొదలిడితిమో అక్కడికే వత్తుము.

సంవత్సరాంతమున చేయదగిన పని యొకటి మిగిలియున్నది. పై తరగతివారు పాఠశాల విడిచిపోవుటకు ముందు కొన్ని వారములు, వారు నేర్పిన పిల్లలలోనే కొందరిని ఒకటవ తరగతివారి ఎదుట నిలువబెట్టవలెను. ఏడాదిక్రిందట చెట్టు క్రింద కూర్చున్న బాలిక తాడు కొన పట్టుకొనును. ఎదుట ఒక పసిది కాళ్లు దగ్గరగా చేర్చి, పావడ పిడికిట బిగించి నిలిచియుండును. తాడు మొదట నేలమీదనే ఉంచవలెనని ఆమె మరచును, ఒక్కసారిగా త్రిప్పును, అది పసిదాని కాలికి చుట్టుకొనును. పెద్దక్క రెండడుగుల దూరమున నిలిచి, పెదవులు బిగించి, చేతులు వెనుకకు కట్టుకొని చూచుచుండును. బాలిక తాడు విప్పి, ఒక క్షణమాగి, దానిని నేలమీద పరచును.